తల్లి వద్దంటోంది, సూపర్‌వైజర్ చెయ్యమంటున్నారు: ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ఈసారి ఉత్తరం బెంగళూరు నుంచి వచ్చింది. రాసినావిడనీ, పిల్లాణ్ణీ గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడది అనంతపురం వైపు. సైకాలజీలో ఎమ్మెస్సీ చేసి, మారతహళ్ళి దగ్గర ఒక థెరపీ సెంటర్‌లో పనిచేస్తూ ఏబీఏ (ప్రవర్తన ఎందుకొస్తుందో చూసి దాన్ని మార్చే పద్ధతి) కోర్సు కూడా చదువుతున్నారు. ఆవిడ దగ్గరికి వచ్చే పిల్లల్లో ఆటిజం ఉన్న ఆరేళ్ల బాబు ఒకడు. నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో అంతా తెలుగే, సెంటర్‌లో మాత్రం సూచనలన్నీ ఇంగ్లీషులో. ఈ బాబు పిడికిలితో తల మీద కొట్టుకుంటాడు, ఒక్కోసారి తలని టేబుల్ అంచుకేసి బాదుకుంటాడు. కొన్ని వారాలుగా ఏబీసీ షీట్లు (ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏం జరిగింది అని రాసే కాగితాలు) నింపుతున్నారు. వేరే ఊళ్లో ఉండి వీడియోలో చూసే సూపర్‌వైజర్ "ఊహలతో ప్లాన్ రాయకూడదు, స్టాండర్డ్ ఫంక్షనల్ అనాలిసిస్ చెయ్యి, నాలుగు కండిషన్లూ పెట్టు" అన్నారట. అంటే నాలుగు రకాల పరిస్థితులు కావాలని పెట్టి, ఎందులో ఎక్కువ కొట్టుకుంటాడో చూడటం. సెంటర్ నడిపే మేడమ్ "అంత టైమ్ ఎక్కడుంది, షీట్లు చూస్తే అటెన్షన్ కోసమేనని తెలుస్తోందిగా, ఇగ్నోర్ చెయ్యమని ప్లాన్ రాసి మొదలుపెట్టెయ్, ఫీజు కట్టేవాళ్లు ఎన్నాళ్లు ఆగుతారు" అన్నారట. క్లాస్‌మేట్ ఏమో "ఇప్పుడు అందరూ ఐఐఎస్‌సీఏనే చేస్తున్నారు" అంటోంది (అదీ ఇలాంటి పరీక్షే, తల్లిదండ్రుల ఇంటర్వ్యూతో మొదలయ్యేది). కోర్సులో ప్రాజెక్టు గైడ్ "ఏబీఏబీ రివర్సల్ గ్రాఫ్ లేకపోతే ఒప్పుకోను" అంటున్నారు, అంటే ప్లాన్ పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టి చూపించే గ్రాఫ్. వీళ్లందరి తర్వాత బాబు వాళ్లమ్మ అడిగింది, "అంటే మా వాడు కొట్టుకునేలా మీరే చేస్తారా చెల్లీ?" అని. దానికి ఈవిడ దగ్గర జవాబు లేదు. ఆ అమ్మే ఇంకో మాట కూడా చెప్పింది: ఇంట్లో వాడు కొట్టుకోగానే అత్తగారు ఫోన్ చేతిలో పెడుతుందని, కానీ ఆ సంగతి కాగితం మీద రాయొద్దని.

"రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏది ఎంచుకున్నా ఎవరో ఒకరి దృష్టిలో చెడ్డదాన్నవుతాను. వీటిల్లో సరైన పద్ధతి ఏదో చెప్పండి" అని ముగించారు.

ఇక నా జవాబు.

ముందు మీ టెన్షన్‌లో సగం ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్తాను. అందరూ చెప్పిన పద్ధతుల్నీ ఒకే వరసలో పెట్టి, అందులో ఒకటి ఎంచుకోవాలని చూస్తున్నారు. అవి ఒకే వరసలోవి కావు. మీ ఉత్తరంలో రెండు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయాయి. బాబు ఎందుకు కొట్టుకుంటున్నాడు అనేది మొదటిది. మనం చేసిన మార్పు వల్లే తగ్గిందా, లేక దానంతటదే తగ్గిందా అనేది రెండోది. ఫంక్షనల్ అనాలిసిస్, ఐఐఎస్‌సీఏ, ఏబీసీ షీట్లు మొదటి ప్రశ్నకి సంబంధించినవి. మీ గైడ్ అడుగుతున్న ఏబీఏబీ రెండోదానికి. అంటే మీ సూపర్‌వైజర్‌కీ గైడ్‌కీ మధ్య తగువే లేదు, ఒకరి మాట విన్నంత మాత్రాన ఇంకొకరి మాట కాదన్నట్టు కాదు. పైగా ఈ రెండు ప్రశ్నలకీ ఒకేసారి జవాబు అక్కర్లేదు. మొదటిది తేలాకే రెండోదాని అవసరం వస్తుంది.

ఈ రెండిటికన్నా ముందు ఇంకోటుంది, మీ ఉత్తరంలో అది కనపడలేదు. బాబుని ఈఎన్‌టీ డాక్టర్‌కి, పళ్ల డాక్టర్‌కి చూపించారా? మాటలు సరిగా రాని పిల్లాడు తల కొట్టుకుంటున్నాడంటే చెవిపోటో పన్నుపోటో లేదని ముందు రూఢి చేసుకోవాలి. చెవిలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన రోజుల్లోనే తల కొట్టుకున్న పిల్లల గురించి ఈ రంగం పత్రికల్లోనే వచ్చింది. నొప్పి ఉన్న పిల్లాడి మీద ఏ కండిషన్ పెట్టినా వచ్చే గ్రాఫ్‌కి విలువ లేదు, అన్నిటికంటే ముందు అది వాడికి అన్యాయం. ఇది ఈ వారమే కానివ్వండి, మిగతా చర్చ నడుస్తుండగానే.

ఇప్పుడు మీ మేడమ్ చెప్పిన మాటకి వద్దాం, ఎందుకంటే అన్నిట్లోకీ తేలిగ్గా కనిపించేదీ, ఎక్కువ నష్టం చెయ్యగలిగేదీ అదే. మీరు పంపిన షీట్‌లో ఒక వరస ఇలా ఉంది: "11.10. పజిల్ తీసి ముందు పెట్టాను. తల మీద కొట్టుకున్నాడు. 'నో నో, కన్నా' అని చెయ్యి పట్టుకుని బుజ్జగించాను." తర్వాతి గడిలో చిన్న అక్షరాలతో "పజిల్ పక్కన పెట్టి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను" అని కూడా రాశారు. ఈ ఒక్క వరసలో ఎన్ని జరిగాయో చూడండి. మీరు మాట్లాడారు, తాకారు. పని తప్పిపోయింది. ఒళ్లో చోటు దొరికింది. వాడికి వీటిల్లో ఏది కావాలి? ఎన్ని షీట్లు నింపినా ఇది తేలదు, ఎందుకంటే నిజ జీవితంలో ఇవి ఎప్పుడూ కట్టగట్టుకునే వస్తాయి. షీట్లలో అటెన్షన్ ఎక్కువగా కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. పిల్లాడు తల బాదుకుంటుంటే చూస్తూ కూర్చునే మనిషి ఎవరూ ఉండరు. కాబట్టి అసలు కారణం ఏదైనా సరే, కొట్టుకున్న ప్రతిసారీ తర్వాతి గడిలో అటెన్షన్ పడుతుంది. చూసి రాసుకునే పద్ధతులన్నిటికీ ఉన్న పరిమితి ఇదే. ఏది దేని వెనక జరిగిందో చెప్తాయి, దేనివల్ల జరిగిందో చెప్పలేవు.

సరే, అటెన్షన్ అనుకుని ఇగ్నోర్ ప్లాన్ మొదలుపెట్టారనుకుందాం. నిజంగా అటెన్షన్ కోసమే అయితే పనిచెయ్యొచ్చు, మొదట్లో కొన్నాళ్లు ఇంకా ఎక్కువ కొట్టుకోవచ్చు, ఆ కాలాన్ని తట్టుకునే ఏర్పాటు మీ దగ్గర ఉండాలి. కానీ వాడు పని తప్పించుకోవడానికి కొట్టుకుంటుంటే? మీరు ముఖం తిప్పుకుని ఊరుకున్న ఆ రెండు నిమిషాలూ పజిల్ ఎవరూ చెయ్యమనరు. అంటే వాడికి కావాల్సిందే ఇచ్చారు, అదీ ప్రతిసారీ, ప్లాన్ ప్రకారం. నెల తిరిగేసరికి కొట్టుకోవడం పెరుగుతుంది, సెంటర్‌లో అందరూ "ప్లాన్ సరిగా ఫాలో అవ్వట్లేదు" అని మిమ్మల్నీ, "ఇంట్లో గారం చేస్తున్నారు" అని ఆ తల్లినీ అంటారు. 1985లో కార్, డ్యురాండ్ చేసిన అధ్యయనం మీ కోర్సులో చదివే ఉంటారు. పిల్లాడు దేనికోసం అల్లరి చేస్తున్నాడో దాన్నే మాటతో అడగడం నేర్పితే అల్లరి తగ్గింది, సంబంధం లేని మాట నేర్పితే తగ్గలేదు. ఎందుకు చేస్తున్నాడో తెలుసుకోవడానికి మనం ఇంత తంటాలు పడేది అందుకే. మీ మేడమ్‌కి చెప్పేటప్పుడు సిద్ధాంతం గురించి మాట్లాడకండి, ఈ ఇగ్నోర్ లెక్క చెప్పండి. తప్పు ప్లాన్ మీద నెల పోవడం కన్నా కొద్ది రోజుల పరీక్ష సెంటర్‌కి కూడా చవక.

ఇక మీ సూపర్‌వైజర్ చెప్పిన స్టాండర్డ్ పద్ధతి. 1982లో బ్రయాన్ ఇవాటా బృందం బాల్టిమోర్‌లోని కెనడీ ఇన్‌స్టిట్యూట్‌లో తొమ్మిది మందితో చేసిన పని ఇది, 1994లో జాబా (ఈ రంగంలో పేరున్న పత్రిక) దాన్ని మళ్లీ అచ్చు వేసింది. పెద్దవాళ్లు పట్టించుకోకుండా ఉండి కొట్టుకుంటే పలకరించడం, పని చెప్పి కొట్టుకుంటే ఆపడం, ఒంటరిగా ఉంచడం, ఏ ఒత్తిడీ లేకుండా ఆడుకోనివ్వడం, ఇలా నాలుగు పరిస్థితుల్ని మార్చి మార్చి పెట్టి ఎందులో ఎక్కువ కొట్టుకుంటున్నాడో చూశారు. తొమ్మిది మందిలో ఆరుగురికి ఒక ప్రత్యేకమైన పరిస్థితిలోనే ఎక్కువని తేలింది. మీ షీట్‌లో కట్టగట్టుకుని వచ్చినవాటిని ఇది ఒక్కొక్కటిగా విడదీస్తుంది. ఆ బలం ఇంకే పద్ధతికీ ఇంత స్పష్టంగా లేదు, మీ సూపర్‌వైజర్ పట్టుబట్టడంలో న్యాయం ఉంది.

కానీ ఆ అధ్యయనం ఎక్కడ, ఎలా జరిగిందో కూడా ఆయనకి గుర్తుచెయ్యండి. ముందుగా వైద్య పరీక్షలు అయ్యాయి, ఎప్పుడు ఆపెయ్యాలో డాక్టర్లతో కూర్చుని నిర్ణయించారు, హాస్పిటల్ వాతావరణం. పదిహేను నిమిషాల సెషన్లు. మీ దగ్గర ఏముంది? ఒక గది, గట్టి అంచున్న టేబుల్, మీరు, బహుశా ఒక ఆయమ్మ, ఫోన్ తెర మీద సూపర్‌వైజర్. ఈ పరిస్థితుల్లో టేబుల్‌కి తల బాదుకునే పిల్లాడి మీద పది పదిహేను నిమిషాల సెషన్లు యథాతథంగా చెయ్యమంటే నేనైతే వద్దనే అంటాను. పద్ధతి తప్పని కాదు. దాని భద్రత అంతా చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఉంది, అవి మీ దగ్గర లేవు.

అయితే స్టాండర్డ్ చెయ్యాలి, లేదంటే ఏదీ చెయ్యకూడదు అన్న రెండు దారులే లేవు. మధ్యలో ఉన్నవాటి గురించి వివరంగా చెప్తాను, మీ కేసుకి అసలు విషయం ఇక్కడుంది.

లేటెన్సీ పద్ధతిలో ఆ నాలుగు కండిషన్లూ అలాగే ఉంటాయి. కానీ ఎన్నిసార్లు కొట్టుకున్నాడని లెక్కపెట్టరు, మొదటి దెబ్బ దాకా ఎన్ని సెకన్లు పట్టిందో కొలుస్తారు. మొదటి దెబ్బ పడగానే దానికి ఇవ్వాల్సింది ఇచ్చి సెషన్ ఆపేస్తారు. పని చెప్పగానే పన్నెండు సెకన్లకే కొట్టుకుని, ఆడుకునేటప్పుడు ఐదు నిమిషాలూ కొట్టుకోకపోతే, అదే మీకు కావాల్సిన జవాబు. 2011లో తోమసన్-సాసీ, ఇవాటా బృందం మామూలు పద్ధతితో పోల్చి చూస్తే చాలామందిలో రెండూ ఒకే జవాబిచ్చాయి. ఒక్కో సెషన్‌కి ఒక్క దెబ్బ, అంతే. లోపాలు లేకపోలేదు. సెషన్ ఆగిపోవడమే వాడికి ఒక బ్రేక్ అయిపోయే ప్రమాదం ఉంది, అందుకే ఆపిన వెంటనే వాడికి ఇష్టమైన చోటికి తీసుకెళ్లకండి. వాడు రోజుకి ఒకట్రెండుసార్లే కొట్టుకునే రకమైతే ఎంతసేపు కూర్చున్నా ఏమీ తేలకపోవచ్చు. మీ షీట్ల ప్రకారం అలా లేదు.

ట్రయల్-బేస్డ్ అని ఇంకోటుంది, సిగఫూస్, సాగర్స్ 1995లో మొదలుపెట్టింది, తర్వాత బడుల్లో బాగా వాడారు. ప్రత్యేకంగా గది అక్కర్లేదు. రోజూ జరిగే పనుల మధ్యలోనే రెండేసి నిమిషాల ముక్కలుగా పెడతారు. ఒక ముక్కలో పని చెప్తారు, ఇంకో ముక్కలో చెప్పరు, కొట్టుకోగానే ఆ ముక్క అయిపోయినట్టే. గది దొరకని, టైమ్ లేని మీ సెంటర్ లాంటి చోట ఇది బాగా ఇముడుతుంది. కానీ ట్రయల్స్ చాలా కావాలి, చేసేవాళ్లు ప్రతిసారీ ఒకేలా చెయ్యాలి, మధ్యలో పక్క పిల్లాడు వచ్చి బొమ్మ లాక్కున్నాడంటే ఆ ట్రయల్ పోయినట్టే.

మీ క్లాస్‌మేట్ చెప్పిన ఐఐఎస్‌సీఏ 2014లో హ్యాన్లీ బృందం ముగ్గురు పిల్లలతో చూపించింది. ముందు తల్లిదండ్రులతో కూర్చుని ఇంటర్వ్యూ చేస్తారు. వాళ్లు చెప్పినదాన్నిబట్టి వాడికి కావాల్సినవన్నీ, పని ఆపడం, దగ్గరికి తీసుకోవడం, బొమ్మ ఇవ్వడం, అన్నీ కలిపి ఒకే టెస్ట్ కండిషన్‌గా పెడతారు. కంట్రోల్‌లో (పోల్చి చూడటానికి పెట్టే పరిస్థితి) అవన్నీ ముందే చేతికిచ్చేస్తారు. త్వరగా అయిపోతుంది. పెద్ద దెబ్బ దాకా ఆగక్కర్లేదు, దానికి ముందు వచ్చే మూలుగుకీ, విసురుకీ కూడా ఇచ్చేస్తారు. తల్లికి ఇందులో మాట్లాడే చోటు ఉంటుంది, మీ కేసులో అది చిన్న విషయం కాదు. దీనికి ఎదురు వాదన ఏమిటంటే, కలిపి పెట్టినప్పుడు అందులో నిజంగా పనిచేసేది ఏదో తెలియదు. 2016లో ఫిషర్ బృందం విడివిడిగా పెట్టి చూసినప్పుడు, కలిపిన కట్టలో కొన్ని అసలు అవసరమే లేవని చెప్పింది. ఈ వాదన ఇంకా నడుస్తూనే ఉంది, ఇరువైపులా గట్టి మనుషులే ఉన్నారు. నన్నడిగితే తేడా ఇక్కడ: మీ తర్వాతి అడుగు "వాడికి కావాల్సినవన్నీ అడగడం నేర్పి, ఆ తర్వాత మెల్లగా ఆగడం నేర్పుదాం" అయితే ఐఐఎస్‌సీఏ సరిపోతుంది. అదే "ఏది మార్చాలి, పనా, మనిషా, ఫోనా" అని విడిగా తెలియాలంటే సరిపోదు.

మీ కేసులో విడిగా తెలియడం అవసరమనే నాకు అనిపిస్తోంది, దానికి కారణం మీరు ఉత్తరంలో మామూలుగా రాసి వదిలేసిన ఒక వాక్యం. ఇంట్లో తెలుగు, సెంటర్‌లో ఇంగ్లీషు. పని చెప్పే కండిషన్ ఏ భాషలో పెడతారు? ఆరేళ్ల వాడికి ఇంట్లో "చెప్పులు తియ్, చెయ్యి కడుక్కో" అని వినడం అలవాటు, ఇక్కడ "పుట్ ఇట్ ఇన్" అంటున్నాం. వాడు తప్పించుకోవాలనుకునేది పనినో, అర్థం కాని భాషలో వచ్చే పనినో మనకి తెలియదు. లేటెన్సీలో ఇది చూడటం చాలా సులువు. అదే పజిల్, అదే మీరు, ఒకరోజు సెషన్ తెలుగులో, మర్నాడు ఇంగ్లీషులో, మార్చి మార్చి. ఇంగ్లీషులో పది సెకన్లకే కొట్టుకుని, తెలుగులో పజిల్ పూర్తిచేశాడనుకోండి, ప్లాన్‌లో సగం అక్కడే రాసినట్టు. తేడా లేదంటే ఆ సందేహం తీరింది, నష్టమేమీ లేదు. బెంగళూరులో ఇంట్లో ఒక భాష, సెంటర్‌లో ఒకటి, వీధిలో ఇంకోటి వినే పిల్లలే ఎక్కువ, అయినా ఇది చూడాలని ఎవరికీ తట్టడం లేదు. నాకు నిజంగా బాధ కలిగించే సంగతి ఇది.

మీరు ఏది ఎంచుకున్నా కొన్ని మార్చడానికి వీల్లేదు. టేబుల్ తీసేసి కింద మందపాటి మ్యాట్ మీద పని చేయించండి. ఎన్ని దెబ్బలకి ఆ రోజుకి ఆపేస్తారో, ఎలాంటి గుర్తు కనిపిస్తే అసలు మానేస్తారో డాక్టర్‌ని అడిగి ముందే కాగితం మీద పెట్టండి. ఒంటరిగా ఉంచే కండిషన్ మొదట్లోనే పెట్టొద్దు, మిగతావాటిలో ఏమీ తేలకపోతేనే, అదీ ఒక మనిషి గదిలో ఉండి పలకరించకుండా. ఇంతకుముందు ఇలాంటిది చేసిన మనిషి ఒకరు మీ పక్కన, తెరలో కాకుండా గదిలో ఉండాలి. ఇప్పటికే వాపు, రక్తం, కంటి దగ్గర దెబ్బలు కనిపిస్తుంటే ఇది మీ సెంటర్ స్థాయి పని కాదు. హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ ఉంది, అక్కడ పిల్లల సైకియాట్రీ విభాగం ఉంది, ముందు అక్కడికి పంపండి. అలా పంపితే మీకు చేతకాలేదని ఎవరైనా అంటే అననివ్వండి.

ఇక ఆ అమ్మ అడిగిన ప్రశ్న. మీరు దాన్ని అడ్డంకిగా చూస్తున్నట్టు అనిపించింది. నాకైతే మీకు సలహా ఇచ్చిన వాళ్లందరిలో సూటిగా అడిగిన మనిషి ఆవిడే. ఆవిడ అడిగింది నిజం కూడా: అవును, కొట్టుకునే అవకాశం మనమే కల్పిస్తాం. దాన్ని దాచి "ఏం కాదక్కా, చిన్న అసెస్‌మెంట్" అని సంతకం తీసుకుంటే అది అనుమతి కాదు. ఇలా చెప్పి చూడండి:

"అక్కా, మీరన్నది నిజమే, కొన్నిసార్లు వాడు కొట్టుకునేలాంటి పరిస్థితి మేమే పెడతాం. మీరు కడుపుతో ఉన్నప్పుడు గ్లూకోజ్ నీళ్లు తాగించి రక్తం తీసి చూశారు కదా, షుగర్ పెరుగుతుందేమో తెలియాలంటే ఆ కాస్త తీపి ఇవ్వాల్సి వచ్చింది. ఇదీ అలాంటిదే. కానీ ఒక్క దెబ్బ పడగానే ఆపేస్తాం, వాడికి కావాల్సింది ఇచ్చేస్తాం. మీరు అక్కడే కూర్చోండి. మీరు చాలంటే కారణం అడక్కుండా ఆ క్షణమే ఆపేస్తాం. ఇప్పుడు కూడా వాడు రోజూ కొట్టుకుంటూనే ఉన్నాడు, ఎందుకో మనకెవరికీ తెలియడం లేదు. మీరు వద్దన్నా వాడికి క్లాసులు మామూలుగానే నడుస్తాయి."

చివరి వాక్యం వదిలిపెట్టకండి. వద్దంటే సెంటర్‌లో పిల్లాణ్ణి సరిగా చూడరేమో అన్న భయం ఫీజు కట్టే ప్రతి తల్లికీ ఉంటుంది, ఆ భయంతో చెప్పిన సరేకి విలువ లేదు. ఇంత చెప్పాక కూడా ఆవిడ వద్దంటే? అప్పుడు బాబు తరఫున మీ ముందున్న దారి, షీట్ల ఆధారంగానే ఒకటికి మించిన కారణాలకి సరిపోయే ప్లాన్ పెట్టడం: పని తేలిక చెయ్యడం, కొట్టుకోకముందే మధ్యమధ్యలో బ్రేకులు, పలకరింపులు ఇవ్వడం, "చాలు" అని అడగడం నేర్పడం. దీనివల్ల ఎవరికీ దెబ్బ తగలదు. ఏది పనిచేసిందో స్పష్టంగా తెలియదు, తగ్గడం మెల్లగా ఉండొచ్చు. అది తీసుకోదగ్గ నష్టమే. మీ సూపర్‌వైజర్‌కి నచ్చకపోవచ్చు.

ఆయనకి ఎలా చెప్పాలంటారా. "అమ్మ ఒప్పుకోవట్లేదు సార్" అని వెళ్తే అది మీ చేతకానితనంలా వినిపిస్తుంది. బదులుగా ఒక పేజీ రాసి పంపండి: కొట్టుకోవడం అంటే ఏది లెక్కలోకి వస్తుంది, గది పరిస్థితి, డాక్టర్ చెప్పిన ఆపే నియమం, లేటెన్సీలో ఆయన చెప్పిన కండిషన్లే ఎలా ఉంటాయి, రెండో మనిషి కూడా విడిగా చూసి లెక్క రాసే సెషన్లు ఏవి. ఆయన అడిగినది విడదీసి చూపించడం. అది ఇందులో ఉంది. అన్నీ చదివి కూడా గదిలో అనుభవమున్న మనిషి లేకుండా పాత పద్ధతే చెయ్యమంటే, కారణం రాసి, చెయ్యలేనని మర్యాదగా చెప్పే హక్కు మీకుంది. దానికి ఉద్యోగంలో ఇబ్బంది రావచ్చు, రాదని నేను అబద్ధం చెప్పను.

ఇప్పుడు రెండో ప్రశ్న, ప్రాజెక్టు. ఏబీఏబీ అంటే ప్లాన్ పెట్టి, తగ్గాక తీసేసి, మళ్లీ పెరిగాక మళ్లీ పెట్టడం. పెన్సిల్ పట్టుకోవడం లాంటివాటికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. తల కొట్టుకోవడం తగ్గాక, గ్రాఫ్ కోసం మళ్లీ పెంచుతామంటే ఆ అమ్మ ముందు ఎలా నిలబడతారు? దీనికి బదులు మల్టిపుల్ బేస్‌లైన్ అడగండి. ముందు సెంటర్‌లో మీతో మొదలుపెడతారు, తర్వాత ఇంట్లో అమ్మతో, ఆ తర్వాత నానమ్మతో. ఎక్కడ మొదలుపెడితే అక్కడే తగ్గి, ఇంకా మొదలుపెట్టని చోట అలాగే ఉంటే, వేరువేరు సమయాల్లో మూడుసార్లు రుజువైనట్టు. గైడ్లు కోరేది కూడా సాధారణంగా అలాంటి మూడు రుజువులే. ఏదీ తీసెయ్యక్కర్లేదు. ఇందులో రెండు చిక్కులున్నాయి. మూడో చోట ప్లాన్ ఆలస్యంగా వస్తుంది, కాబట్టి ఆ నిరీక్షణ చిన్నదిగా ఉంచండి. రెండోది, సెంటర్‌లో "చాలు" అనడం నేర్చుకున్న వాడు ఇంట్లో ఎవరూ నేర్పకుండానే "చాలమ్మా" అనెయ్యొచ్చు. అప్పుడు గ్రాఫ్ చెడిపోతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాయండి, మంచి గైడ్ దాన్ని కొట్టిపారెయ్యరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. సెంటర్‌లో చికిత్స కోసం చేసే పరీక్షకి అమ్మ ఇచ్చిన అనుమతి మీ ప్రాజెక్టుకి పనికిరాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 6వ సెక్షన్ ప్రకారం పరిశోధనలో దివ్యాంగులెవరినైనా చేర్చుకోవాలంటే అర్థమయ్యే రీతిలో తీసుకున్న స్వేచ్ఛాయుతమైన అనుమతితో పాటు, ప్రభుత్వం వేసిన కమిటీ ముందస్తు అనుమతి కూడా ఉండాలి. మీ ప్రాజెక్టు దాని కిందికి వస్తుందా, కాలేజీ ఎథిక్స్ కమిటీ ఏమంటోంది, ఈ రెండూ గైడ్‌ని మెయిల్‌లో అడగండి, నోటిమాటగా వద్దు. కుదరదంటే ఈ బాబుని ప్రాజెక్టులోంచి తీసేసి, ఇంకో పిల్లాడికి బూట్ల లేసులు కట్టుకోవడం నేర్పే ప్రాజెక్టు చేసుకోండి. ఒక సెమిస్టర్ వెనకబడొచ్చు. కానీ ఈ బాబు విషయంలో ప్రతి నిర్ణయం వాడికోసమే తీసుకునే వెసులుబాటు మీకు దొరుకుతుంది, మీ నిద్ర సగం అక్కడే తిరిగొస్తుందని నా నమ్మకం.

ఇక అత్తగారి ఫోన్. దీన్ని మీరు ఉత్తరం చివర పెట్టారు గానీ, పద్ధతి ఎంపికని మార్చేసే వివరం ఇదే. 1982 నాటి నాలుగు కండిషన్లలో వస్తువు ఇచ్చే కండిషన్ లేదు. మీ సూపర్‌వైజర్ చెప్పిన నాలుగూ పెడితే ఫోన్ కోసం కొట్టుకునే పిల్లాడు ఏ కండిషన్‌లోనూ పెద్దగా తేడా చూపించకపోవచ్చు, అప్పుడు అందరూ "దానంతటదే అలవాటైపోయింది" అని రాసేస్తారు. అలాగని ఏ ఆధారం లేకుండా ప్రతి పిల్లాడికీ వస్తువు కండిషన్ పెట్టడం కూడా మంచిది కాదు, కొట్టుకుంటే ఫోన్ వస్తుందని మనమే కొత్తగా నేర్పిన వాళ్లమవుతాం. అలా జరగడం 1999లోనే ఒక అధ్యయనంలో కనిపించింది. ఇక్కడ ఆధారం ఉంది, తల్లి నోటితోనే వచ్చింది. అందుకని పెట్టాలి. కానీ ఆవిడ రాయొద్దన్నది. ఆ మాట దాటి సూపర్‌వైజర్‌కి మీరే చెప్పేస్తే ఆవిడ ఇంకెప్పుడూ మీతో ఏదీ చెప్పదు. ఆవిడ దగ్గరికే వెళ్లి అడగండి: "అక్కా, ఫోన్ సంగతి తెలిస్తే పరీక్ష సరిగ్గా పెట్టగలం. అత్తగారి పేరు రాయను, 'ఇంట్లో పెద్దవాళ్లు' అని కూడా రాయను, 'కొట్టుకున్నప్పుడు ఫోన్ దొరుకుతుంది' అని ఒక్క ముక్క రాస్తాను. సరేనా?" ఆవిడ భయం అత్తగారి పేరు బయటికి రావడం గురించి, ఫోన్ గురించి కాదు. చాలామంది ఈ మాటకి ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే రిపోర్టులో "ఇంటి పరిస్థితులు పూర్తిగా పరీక్షించలేదు" అని నిజాయితీగా రాసి, సెంటర్‌లో తేలినదాన్ని సెంటర్ వరకే వాడండి. మల్టిపుల్ బేస్‌లైన్‌లో నానమ్మ వంతు వచ్చేటప్పటికి ఆవిడ కూడా మీతో కూర్చుని మాట్లాడే స్థితిలో ఉంటే, ఫోన్ ఎప్పుడు ఇవ్వాలో, ఎలా అడిగితే ఇవ్వాలో ఆవిడతోనే మొదలుపెట్టవచ్చు.